వేలు చూసి బటన్ నొక్కినవాడు

చున్నీ సర్దుకుందామని చెయ్యి కదిపాను. శబ్దమేమీ పంపలేదు. అయినా అద్దాల గదిలో అతను టక్కున బటన్ నొక్కాడు. అప్పుడే నాకు భయం పట్టుకుంది.

రెండేళ్ల కిందటి మాట. జగిత్యాలలో ఒక చెవుల డాక్టరు దగ్గర నేను ఆడియాలజిస్టును, అంటే వినికిడి పరీక్షించి మిషన్లు అమర్చే మనిషిని. వచ్చిన నరేశ్‌కు ఇరవై ఎనిమిదేళ్లు. సిరిసిల్లలో పదేళ్లుగా సాంచలు, అంటే పవర్‌లూములు, నడుపుతున్నాడు. కోరుట్లలో సంబంధం కుదిరింది. పిల్లవాడికి చెవుడని ఎవరో ఊదడంతో పిల్ల మేనమామ రిపోర్టు చూపమన్నాడు. ఆయన బయట బెంచీ మీదే ఉన్నాడు.

ఆడియోమెట్రీ పరీక్షలో మేం వేలితో మీట నొక్కి హెడ్‌ఫోన్లలోకి సన్నటి శబ్దాలు పంపుతాం. వినబడినప్పుడల్లా బటన్ నొక్కితే మా వైపు లైటు వెలుగుతుంది. నరేశ్ అప్పటిదాకా ఒక్కటీ తప్పలేదు. సాంచల మోతలో మాట వినబడదు కనుక అక్కడివాళ్లు పెదాలూ చేతులూ చూసే మాట్లాడుకుంటారు. ఇతను అద్దంలోంచి నా వేలు చూసి నొక్కుతున్నాడు.

కుర్చీ వెనక్కి తిప్పించాను. సగానికి పైగా శబ్దాలకు లైటు వెలగలేదు.

నా పక్కనే కూర్చున్న అతని తల్లి రాజవ్వ నా చెయ్యి పట్టుకుంది. "గట్ల తిప్పితె ఎట్ల మేడమ్? పెండ్లిచూపులల్ల ఎవలన్న అటు దిక్కు తిరిగి కూసుంటరా?"

ఇది ఆరో సంబంధమని, చెవిటోడి తల్లి అనిపించుకొని బతకలేనని, అంతా బాగుందని రాసిమ్మని ఏడ్చింది. అబద్ధం రాయలేను. నిజం రాస్తే పెళ్లి పోతుంది. పెన్ను తీసి మళ్లీ మూత పెట్టాను. నేను భయపడటానికి పెద్ద కారణమేమీ అక్కర్లేదు లెండి.

నరేశ్ మాత్రం, అద్దాల గదిలోంచి వచ్చాక పెట్టి చూడమని నేనిచ్చిన హియరింగ్ ఎయిడ్‌తోనే లేచి బయటికి నడిచాడు.

"మామా, నాకు సగం ఇనవడది. గీ మిషన్ పెట్టుకుంటె మీ మాట ఇనవడ్తది, తీస్తె మా అవ్వ మాట ఇనవడది. రెండు తీర్ల లాభమే. మీ పిల్ల తిట్టాలంటె మాత్రం ముంగటికొచ్చి తిట్టాలె. ఎనుకనుంచి తిడితె వేస్టయితయి."

బెంచీల మీది వాళ్లంతా నవ్వారు. అతని వేళ్లు మాత్రం చొక్కా అంచును నలుపుతూనే ఉన్నాయి.

మేనమామ నవ్వలేదు. పిల్లకు వీడియో కాల్ కలిపి, సంగతి చెప్పి, ఫోను నరేశ్ చేతిలో పెట్టాడు. ఆ అమ్మాయి కాసేపు చూసి, గొంతు పెగల్చకుండా పెదాలు మాత్రం కదిపింది. నరేశ్ చెవులదాకా ఎర్రబడ్డాడు.

"ఏమన్నదిరా?" అంది రాజవ్వ.

"మిషన్ లేకుంట పెండ్లికొస్తె వాపస్ పంపుతదట."

అప్పుడు నవ్వాడు మేనమామ. నేను రిపోర్టు ఉన్నదున్నట్టు రాసిచ్చాను.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అంతకు వారం ముందే, చెల్లెలి పెళ్లిలో మా అత్తమ్మ చెప్పిందని, ఫొటో కోసం నా ఏడేళ్ల కూతురి కళ్లద్దాలు తీసి బ్యాగులో దాచింది నేనే. అప్పటినుంచి అది బడిలోనూ అద్దాలు పెట్టుకోవడం లేదు. పైగా ఇంట్లో దాని తమ్ముడు, నా కొడుకు, వెక్కిరిస్తున్నాడు.

పొద్దున పిల్లలిద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టుకున్నాను.

"తీసింది నేను, తప్పు నాదే. ఇగ ఫొటోలల్ల గూడ పెట్టుకో బిడ్డా. ఎవరన్న నవ్వితె, నవ్వింది ఎవరో నీకు మంచిగ కనవడ్తది."