పొద్దున ఎనిమిదింటి సీరం

గోదావరిఖనిలో రక్తపరీక్షల గది నడుపుతూ నేను గొప్పలు చెప్పుకునే సంగతి ఒక్కటే, నా సీరం. తీసిన రక్తాన్ని గొట్టంలో అరగంట కదపకుండా నిలబెట్టి, గడ్డకట్టాకే మిషన్లో తిప్పుతాను. పైన తేరే నీరే సీరం, అది నువ్వుల నూనె రంగులో ఉండాలి. ఊపితే ఎర్రబారుతుంది, తొందరపడి తిప్పితే దారాలు తేలతాయి, హార్మోన్ల కొలత చెడుతుంది. "జల్ది చెయ్యన్నా, డ్యూటీకి పోవాలె" అన్నవాళ్ళకి నా చేతిలో ఉపన్యాసమే. "గా సీరంను చూసుకున్నట్టు పొయ్యి మీది పాలను చూసుకుంటే ఎంత బాగుండు" అంటుంది నా భార్య.

ఒక గని కార్మికుడూ అతని భార్యా వచ్చారు. పెళ్ళయి ఏడేళ్ళు, పిల్లలు లేరు. ఇన్నాళ్ళూ నా దగ్గర జరిగిన పరీక్షలన్నీ ఆమెకే. అతణ్ణి ఒక్కసారి సూదికి ఒప్పించడానికి ఆమెకు ఆరేళ్ళు పట్టింది. డాక్టరమ్మ అతనికి రాసింది టెస్టోస్టిరాన్ పరీక్ష, అంటే మగవాళ్ళ హార్మోను కొలత. ఆ హార్మోను పొద్దున ఎక్కువుండి, పొద్దెక్కేకొద్దీ తగ్గుతుంది. "ఎనిమిదింటికల్లా ఏం తినకుండ రా తమ్మీ" అని చెప్పాను.

సరిగ్గా ఎనిమిదికి వచ్చాడు. నుదుటి మీద హెల్మెట్ గీత, కనురెప్పల అంచుల్లో ఇంకా బొగ్గు. "టైమంటే గిట్ల పాటించాలె" అని బెంచీ మీద కూర్చున్నవాళ్ళకి అతణ్ణి చూపించాను. సీరం బంగారంలా వచ్చింది. చిన్న సీసాలోకి తీసి, 'ఉదయం 8' అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి, ఐసుపెట్టెలో పెట్టి బస్సులో హైదరాబాద్ పెద్ద ల్యాబుకు పంపాను.

హార్మోను తక్కువుందని రిపోర్టు వచ్చింది. అతను కాగితం చూసి, మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఆమె గడప దగ్గర ఆగి, "ఇగ ఏ దవాఖానకు రాడన్నా" అంది.

ఆ సాయంత్రం డాక్టరమ్మ ఫోను చేసింది. కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డావిడ, గొంతు పెంచకుండానే తిడుతుంది. "రాత్రంతా గనిలో పనిచేసి, కునుకు లేకుండా వచ్చినవాడికి అది ఉదయం ఎలా అవుతుందండీ? నిద్ర లేకపోతే ఆ హార్మోను తగ్గదూ?"

సిగ్గుతో చచ్చిపోయాను. నేను పుట్టి పెరిగింది గని కాలనీలోనే. నాన్న నైట్ షిఫ్టు చేసొచ్చి పడుకుంటే, అమ్మ పగలంతా గిన్నె చప్పుడు కూడా కానిచ్చేది కాదు. అలాంటివాణ్ణి, రక్తం గడ్డకట్టడానికి అరగంట ఇచ్చాను గానీ ఆ మనిషిని "పండుకున్నవా" అని ఒక్క మాట అడగలేదు.

తప్పు ఒప్పుకుందామని మర్నాడు వాళ్ళ క్వార్టరుకు వెళ్ళి తలుపు దబదబా బాదాను. టైము పొద్దున పదకొండు. ఆమె తలుపు తీసి, "నైట్ షిఫ్టన్నా, ఇప్పుడే కన్నంటుకున్నది" అంది. లోపల మంచం కిర్రుమంది. నా తెలివి అలా తెల్లారింది.

అతను కళ్ళు నులుముకుంటూ వచ్చాడు. "తప్పు నాదే తమ్మీ. వచ్చే వారం సెకండ్ షిఫ్టు గదా, రాత్రికి ఇంటికొస్తవు. నాలుగైదు రాత్రులు మంచిగ పండుకోని రా, మల్ల తీస్త" అన్నాను. అతను భార్య వైపు చూశాడు.

"ఆరేండ్ల సంది ఆమెను గుచ్చుతనే ఉన్నరు. నేను రెండోసారికే పారిపోతనా? వస్త" అన్నాడు.

అన్నట్టే వచ్చాడు. ఈసారి హార్మోను ఉండాల్సినంత ఉంది. పరీక్ష పాసైంది నేనే అన్నట్టు పళ్ళన్నీ బయటపెట్టి, "అంతా నార్మలే!" అని ఇద్దరి ముందూ రిపోర్టు చదివాను. అతని భుజాలు తేలికపడ్డాయి. ఆమె మాత్రం నవ్వలేదు.

"అంటే తప్పు మల్ల నాదేనా అన్నా?" అని అడిగింది.

ఆరేళ్ళుగా ఆమె చెయ్యి గుచ్చింది నేనే. 'పిడికిలి బిగించు, వదులు' తప్ప ఆమెతో ఇంకో మాట మాట్లాడిన గుర్తు లేదు.

అతను నా చేతిలోంచి రిపోర్టు తీసుకుని, వెళ్ళి ఆమె పక్కన కూర్చున్నాడు.

"తప్పు ఎవ్వలిదీ గాదు. ఇగ ఏ పరీక్ష రాసినా ఇద్దరం కలిసే వస్తం" అన్నాడు.