బయట లావు, లోపల సన్నం

భోజనాల దగ్గర నేను కోసే కోతలు ఆరబెట్టడానికి ఎకరం కళ్ళం కావాలి. ఆ రోజు కోసింది ఏమిటంటే, అనకాపల్లిలో నాకు తెలియని వర్క్‌షాపు లేదు, నా మాట కాదనే మేస్త్రీ ఇంకా పుట్టలేదు అని. నిజానికి నాకున్నది ఒక జిరాక్స్ షాపు. తాసీల్దారు ఆఫీసుకి ఎదురుగా ఉంటుంది. ఊళ్లో సగంమంది ఆధార్ కార్డులు నా మిషను అద్దం మీద బోర్లా పడుకుని లేచినవే. ఆ లెక్కన ఊరంతా నాకు తెలిసినట్టే కదా అని నా ధీమా.

ఆ కోతని మా బావమరిది విన్నాడు. దేవరాపల్లి దగ్గర చెరకు రైతు, సొంత గానుగ ఉన్నవాడు. విన్నవాడు మజ్జిగతో పాటు మింగేసి ఊరుకోవచ్చు కదా! గుర్తు పెట్టుకున్నాడు.

బెల్లం సీజను మధ్యలో ఒక పొద్దున్న నేను షాపు షట్టరు సగం ఎత్తేసరికే కౌంటరు మీద ధన్‌మని ఏదో పడింది, వెనకే మా బావమరిది మొహం కనబడింది. ఆ చప్పుడుకి ఎదురుగా ఆఫీసులో నిద్రపోతున్న ఫైళ్ళు కూడా లేచి కూర్చుని ఉంటాయి.

"ఏటి బావా ఇది, ఫిరంగి గుండా?"

"గానుగ బుష్షు. రోలరు ఇరుసు తిరగదేటి, దాని సుట్టూ ఉండే తొడుగు. అరిగిపోనాది. రోలరు తాగినోడిలా ఒరిగిపోతంటే గానుగ ఆపీసేను. తాతల నాటి మిషను, దీని సైజు బజార్లో దొరకదంట. పోత పోయించాలి. నీ మాట కాదనే మేస్త్రీ లేడన్నావు కదా."

అతను నవ్వలేదు. ఫోను తీసి ఒక ఫొటో చూపించాడు. కళ్ళంలో నరికిన చెరకు గుట్ట.

"నరికీసేను బావా. ఎండకి పడుంటే రసం పులిసిపోద్ది. పులిసిన రసం పాకానికొచ్చినా దిమ్మ కట్టదు, జారిపోద్ది. పక్కోళ్ళ గానుగలు రేత్రీ పగలూ ఖాళీ లేవు. బేగి సూడు. ఏడాది కట్టం అక్కడ పడుంది."

ఆ మాటతో నా కోతలన్నీ గొంతులో అడ్డం పడ్డాయి.

రైలు గేటుకి అవతల ఒక పోత షెడ్డు ఉందని తెలుసుకుని వెళ్ళేసరికి, మేస్త్రీ కుడిచేతికి జోలె కట్టుకుని కుర్చీలో కూర్చుని ఉన్నాడు. స్కూటరు మీంచి పడి భుజం జారిందట. ఆ భుజం కంటే ఎక్కువ నొప్పి ఇంకోటుంది ఆయనకి.

"నా దగ్గర ఇసక అచ్చులు కట్టేవోడు పరవాడ మందుల కంపెనీ బస్సెక్కీసేడు. నీలం చొక్కా ఇచ్చేరంట. ఏసీ అంట. ఇసక పిసుక్కున్నోడికి ఏసీ ఎందుకు బాబూ? గన్‌మెటల్ అని రాగీ తగరం కలిపిన లోహం, దాన్ని కరిగించడం, పోయడం నేను సూసుకుంటాను. ఇసక కొట్టడానికి రెండు సేతులు కావాలి." అని నా వంక చూశాడు. "నీకున్నాయి కదా."

అలా, నా వయసు మగాళ్ళు షుగరు పరీక్షలు చేయించుకునే రోజుల్లో, నేను ఇసకలో ఓనమాలు దిద్దడానికి కూర్చున్నాను.

ఇసక అంటే ఏటి ఒడ్డున కాళ్ళకి అంటుకునేది కాదు. బంకమట్టి కలిసిన నల్లటి ఇసక, ఆవకాయ కలిపినంత శ్రద్ధగా నీళ్ళు చిలకరించి కలపాలి. గుప్పిట పట్టి నొక్కితే ఉండ నిలబడాలి, విరిస్తే బిస్కత్తులా విరగాలి. నేను పట్టిన మొదటి ఉండ ఉప్మాలా రాలిపోయింది, రెండోది ముద్దపప్పులా చేతికంటుకుంది. మూడోసారి మేస్త్రీ నిట్టూర్చి "ఇది పరవాలేదు, ఇంక దాన్ని అటూ ఇటూ సూడకు" అన్నాడు.

ఆ తరవాత పాఠం మొదలైంది. అక్కడి నుంచి నా బుర్ర చెదిరిపోయింది.

"ఇసకలో నువ్వు కడుతున్నది బుష్షు కాదు బాబూ, ఖాళీ. బుష్షు ఎక్కడుండాలో అక్కడ ఇసక ఉండకూడదు. బుష్షుకి కన్నం ఎక్కడుండాలో అక్కడ ఇసక ఉండాలి."

"అంటే కన్నం ఇసకతో చెయ్యాలా?"

"అవును."

"బుష్షు గాలితో చెయ్యాలా?"

"అదీ అవును."

"మరి గన్‌మెటల్ ఎందుకు?"

మేస్త్రీ కుర్చీని రెండడుగులు వెనక్కి జరుపుకున్నాడు.

నా పాతికేళ్ళ వృత్తిలో కాగితం పెడితే కాగితం వచ్చింది. ఇక్కడేమో ఉన్నది లేనిదవుతుంది, లేనిది ఉన్నదవుతుంది. పెళ్ళిచూపుల్లో మా ఆవిడ గురించి మావాళ్ళు చెప్పిన మాటలు, ఆవిడ వాళ్ళకి నా గురించి చెప్పిన మాటలు కూడా ఇలాగే తారుమారుగా అచ్చయ్యాయేమో అని ఒక క్షణం అనుమానం వచ్చింది.

కన్నం కోసం కట్టే ఇసకకి మామూలు నీళ్ళు చాలవట. ఎర్రగా కాగిన లోహం చుట్టూ పోస్తే తట్టుకుని నిలబడాలి. అంచేత మేస్త్రీ ఒక డబ్బా మూత తీశాడు. గుప్పున వాసన. బెల్లం పాకం! "ఇసకలో ఇది కలిపి, ఎండబెట్టి, కొలిమి పక్కన కాలిస్తే రాయైపోద్ది" అన్నాడు. బెల్లం వండాలంటే గానుగ తిరగాలి, గానుగ తిరగాలంటే బుష్షు కావాలి, బుష్షు కావాలంటే బెల్లం కావాలి. మా ఊళ్లో ఏ దారి పట్టుకుని నడిచినా బెల్లం మార్కెట్టుకే చేరుతుందని తెలుసు గానీ, మరీ ఇంతనుకోలేదు.

మధ్యాహ్నం మేస్త్రీ కట్టు మార్పించుకోవడానికి ఆసుపత్రికి బయల్దేరుతూ గుమ్మంలో ఆగి స్పష్టంగా చెప్పాడు. "ఈ అరిగిన బుష్షునే నమూనాగా ఇసకలో పెడదాం. చెక్కతో చేయించడానికి టైం లేదు. కానీ ముందు దీని చుట్టూ కాయితాలు అంటించి లావు చెయ్యాలి. నేనొచ్చేక సేద్దాం. ముట్టుకోకు."

ఆయన అలా వెళ్ళాడో లేదో బావమరిది దగ్గర్నుంచి నా ఫోనుకి ఇంకో ఫొటో వచ్చింది. చెరకు ఆకు ఎండి సన్నటి గొట్టాల్లా చుట్టుకుపోయింది. కింద ఒకే మాట, "బావా". ఇంకేమీ రాయలేదు.

ఆ ఒక్క మాట నా చేతులు రెండింటినీ ఇసక మీదికి లాగేసింది. అయినా లావు చెయ్యడమేమిటి? వదులైపోయిన గానుగకి ఉన్న సైజు బుష్షు కావాలి గానీ ఏనుగు కాలు దేనికి? నాకు తెలిసిన ప్రపంచంలో ఒరిజినల్ ఎంతో కాపీ అంతే. ముసలాయనకి నొప్పి బిళ్ళల మత్తు అనుకున్నాను.

బుష్షుని ఉన్నపళంగా అచ్చు పెట్టెలో నిలబెట్టాను. చుట్టూ ఇసక పోసి దిమ్మిసతో కొట్టాను. ఆ కొట్టుడుకి రైలు గేటు తనంతట తను పడిపోయిందని నా నమ్మకం. బుష్షుని పైకి లాగి, కన్నం కోసం బెల్లం ఇసకని దాని కన్నంలోనే కూరి, మెల్లిగా తోసి బయటికి తీశాను. నా తెలివికి నేనే దండం పెట్టుకున్నాను. దాన్ని ఎండలో పెట్టి అటు తిరిగేసరికి అనకాపల్లి చీమలన్నీ బంధువులతో సహా వచ్చేశాయి. ఊదాను, విదిలించాను, బతిమాలాను. చివరికి కొలిమి సెగకి పెడితే గానీ పంక్తి లేవలేదు. కాలాక అది అచ్చం నువ్వుల జీడిలా గట్టిపడింది. నాలిక ఆనించి చూశాను కూడా. తీపి, మసి, ఇసక.

మేస్త్రీ తిరిగొచ్చేసరికి కాల్చిన ఆ ఇసక కడ్డీని ఖాళీ మధ్యలో నిలబెట్టి, పెట్టె మూసేసి, పోత కన్నం తీసి, గాలి పోవడానికి సైకిలు పుల్లతో పొడిచి, పెళ్ళికొడుకులా నిలబడ్డాను. "కాయితం చుట్టేవా?" అన్నాడు. "అంతా అయిపోయింది" అన్నాను. ఆ జవాబు అబద్ధం కాదు, జవాబూ కాదు.

సాయంత్రానికి బావమరిది వచ్చాడు. మూసలో గన్‌మెటల్ సూర్యుణ్ణి కరిగించినట్టు కళ్ళలో పొడుస్తోంది. పట్టుకారు ఒక కొస అతను, ఒక కొస నేను పట్టుకుంటే, మేస్త్రీ ఎడంచేత్తో దారి చూపిస్తూ "మెల్లిగా, మెల్లిగా, ఆగొద్దు, ఒణకొద్దు" అని కేకలు. ఒణికింది నేను కాదు, భూమి. కాలిన బెల్లం వాసన షెడ్డంతా కమ్మేసింది. చల్లారాక ఇసక పగలగొడితే బుష్షు! గుండ్రంగా, కన్నంతో సహా! బావమరిది నన్ను కౌగిలించుకున్నంత పనిచేశాడు.

మేస్త్రీ మాత్రం పాత బుష్షునీ కొత్తదాన్నీ పక్కపక్కన పెట్టాడు. కొత్తది చెల్లెలిలా ఉంది.

"కాయితం చుట్టలేదు."

నేను షెడ్డు కప్పు మీద పాకుతున్న బల్లిని శ్రద్ధగా చూశాను.

"లోహం సల్లారితే కుంచించుకుపోద్ది బాబూ! బెల్లం దిమ్మ సల్లారితే అచ్చుని వదిలీదేటి? ఇదీ అంతే. ఇది పెడితే చుట్టూ వదులు. పైగా అరిగిపోయిన కన్నాన్నే మళ్ళీ పోసేవు, అందులో ఇరుసూ వదులే."

బావమరిది బుష్షుని చేతిలో తిప్పి చూసుకున్నాడు. తిడతాడనుకున్నాను. తిట్టలేదు. "రేపటికి ఆ సెరుకు ఏటవుద్దో" అన్నాడు మెల్లిగా. తిట్టినా బాగుండేది.

"సరే, ఎంత పెద్దది చెయ్యాలో చెప్పండి, ఇప్పుడే చేస్తాను."

"బయట లావు చెయ్యి. లేతు మిషన్లో గీసి సైజుకి తెస్తారు. లోపల మాత్రం సన్నం చెయ్యి. ఎందుకంటే కన్నాన్నీ లేతులో గీసి పెద్దది చేస్తారు."

"బయట పెద్దది చేస్తే గీసి చిన్నది చేస్తారు. లోపల చిన్నది చేస్తే గీసి పెద్దది చేస్తారు. మరి అందరూ కలిసి ముందే..."

"బావా," అన్నాడు మా బావమరిది, "నీకు దండం పెడతాను, అర్థం సేసుకోకు. సేసీ."

అదొక్కటే ఆ రోజు నాకు పూర్తిగా అర్థమైన మాట. బండి మీద షాపుకి పోయి చెడిపోయిన జిరాక్సుల కట్ట తెచ్చాను. మేస్త్రీ మైదా జిగురు కలిపించి అంటించమన్నాడు. తడి జిగురుకి ఇసక అంటుకుని అచ్చు గోడలు ఊడి వచ్చాయి. ఆయన ఆ నీలం చొక్కావాణ్ణి మళ్ళీ తిట్టుకున్నాడు. నాకప్పుడు మా షాపులో లామినేషన్ కాగితం గుర్తొచ్చింది. నీళ్ళు తగిలినా చెమ్మెక్కదు, ఏదీ అంటుకోదు. మళ్ళీ పరుగు. బుష్షు చుట్టూ జిరాక్సులు చుట్టి, పైన లామినేషన్ తొడిగి, టేపుతో బిగించాను. ఎవరిదో పొలం మ్యాపు, ఎవరిదో కరెంటు బిల్లు, ఎవరో పెద్దాయన ఫొటో కూడా ఆ మడతల్లో చుట్టుకున్నారు. కన్నానికి సన్నటి కరెంటు పైపు ముక్కలో బెల్లం ఇసక కూరాం. ఈసారి నమూనాని ఇసకలోంచి ఎత్తితే, అరిసె నూనెలోంచి లేచినంత శుభ్రంగా లేచింది. మేస్త్రీ లేచి తన కుర్చీ నాకిచ్చాడు. ఆ రాత్రే మళ్ళీ కరిగించి పోశాం.

తెల్లారి లేతు షాపువాడు మేం రాత్రి కలిపిన లావునంతా గీకి పారేస్తుంటే కింద బంగారు రజను రాలింది. "ఇంత లావెందుకు పోసేర్రా" అని వాడి గొణుగుడు. బుష్షు గానుగలోకి టక్కుమని కూర్చుంది. రోలరు నిటారుగా నిలబడి తిరిగింది. మొదటి చెరకు నలిగి రసం కారింది.

కానీ బావమరిది మొహంలో వెలుగు లేదు. రసం వేలితో అద్ది నాలిక మీద పెట్టుకుని, మిగిలిన చెరకు గుట్ట వంక చూశాడు. పెనం మీద పాకం ఉడికింది, నురగ దిగింది. రంగు తగ్గి కాఫీ డికాక్షనులా ఉంది. అచ్చులో పోశాడు. దిమ్మ కడితే సీజను నిలబడుతుంది, జారితే కళ్ళంలో మిగిలిందంతా పశువులకే.

ఇద్దరం అచ్చుకి చెరో పక్కా గొంతుక్కూర్చున్నాం. ముందు రోజు నా బుష్షుని పాడుచేసిన ఆ కుంచించుకుపోవడం కోసమే ఇప్పుడు నేను తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కుతున్నాను. తగ్గు తల్లీ, కాస్త తగ్గు, నీ అంచు వదులు. పాకం కదల్లేదు, మెదల్లేదు, నా వంక నల్లగా చూస్తూ కూర్చుంది.

చాలాసేపటికి అతను వేలి గోరు అచ్చు అంచున పెట్టాడు. గోరు దిగింది. చుట్టూ జరిపాడు. చుట్టూ దిగింది.

"వదిలీసింది బావా."

"నల్లగా ఉందేటి?"

"నల్లగుంటే రేటు తగ్గుద్ది. దిమ్మయ్యింది కదా, అది సాలు." అంటూ అచ్చు బోర్లించాడు. దిమ్మ ధన్‌మని పడింది, నిన్న నా కౌంటరు మీద బుష్షు పడినట్టే. అంచు విరిచి నా చేతిలో పెట్టాడు. కళ్ళు తుడుచుకున్నాడు. పెనం పొగే అని చెప్పాడు.

నేను ఆ ముక్క నోట్లో వేసుకోబోతూ ఆగాను. "బావా, దిమ్మ ఇంత తగ్గింది కదా. మరి మీకు ఈ సైజు దిమ్మ రావాలంటే అచ్చు ఎంత పెద్దది చేయించేరు? లోపల సన్నమా, బయట లావా?"

"నోరు మూసుకుని తిను బావా," అన్నాడు.