మోకు పట్టిన ప్రార్థన

మొన్న మా పక్కింటివాళ్లు బోరు వేయించారు. లారీ మీద మిషను వచ్చింది, పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేశారు, మధ్యాహ్నానికల్లా నీళ్లు పడ్డాయి. అందరూ చప్పట్లు కొట్టారు గాని, నేలను తొలిచే ఆ చప్పుడు వింటున్నంతసేపూ నేను దుప్పటి కప్పుకుని మూల కూర్చున్నాను. మా మనవరాలు "ఏంది నాయనమ్మా, జ్వరమా?" అని నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. జ్వరం కాదు తల్లీ, బావి.

నలభైలనాటి మాట. వెల్దుర్తి వైపు మెట్టపొలాల్లో ఒక ఆసామికి మా పాలెంవాళ్లు బావి తవ్వుతున్నారు. నాకు పెళ్లయిన రెండో వేసవి, కడుపులో పెద్దాడు. మా ఆయన అడుగున రాయి కొడితే మిగతావాళ్లు పైన మోకుతాడు పట్టి మట్టిగంపలు లాగేవాళ్లు. మా గుడి ఒక పూరిపాక. అందులో ఉపదేశిగారు ఆదివారం ప్రార్థన మొదలుపెడితే ఆదాము దగ్గర బయలుదేరి, లోకంలోని రాజులందర్నీ పలకరించి మా పాలెం చేరేసరికి ఇళ్లలో పొయ్యిలు ఆరిపోయేవి. అయినా ఎవరూ కదలకూడదు. "ప్రార్థన చేద్దాం" అన్నారంటే తల వంగాలి, కళ్లు మూయాలి, చేతులు జోడించాలి. మధ్యలో కళ్లు తెరిచిన పిల్లలకు మా అత్త చేతిలో తొడపాశం తప్పేది కాదు.

ఆ రోజు అత్తా నేనూ కూడు తీసుకుని వెళ్లేసరికి బావి దగ్గర ఒకటే కేకలు. ఒకవైపు దరి, లోపలి మట్టిగోడ, విరిగి పడింది. మా ఆయన నడుముదాకా మట్టిలో కూరుకుపోయాడు. ఆయన అన్న, మా పెదబావ, ఎదుటి దరికి కొట్టిన మెట్ల మీంచి దిగి, చేతులతోనే మట్టి తోడి, తమ్ముడి చంకల కింద మోకు బిగించి పైకొచ్చాడు. "తొరగా లాగండ్రా, ఇంకో దరి కూడా వచ్చేట్టుంది!" అని అరుస్తూ తనూ ఒక చెయ్యి వేశాడు. కాలు విరిగిన మనిషి మోకుకు వేలాడుతూ సగందాకా లేచాడు.

అప్పుడే ఉపదేశిగారు పరుగెత్తుకుంటూ వచ్చారు. పాపం, ఆయనకు తెలిసిన సాయం అదొకటే. రొప్పుతూ "ప్రార్థన చేద్దాం" అన్నారు. నా కళ్లతో చూశాను. మోకు పట్టినవాళ్ల తలలు వంగాయి, కళ్లు మూతపడ్డాయి, ముందున్న ఇద్దరి చేతులు వాటంతటవే జోడయ్యాయి. మోకు సర్రున జారింది. కింద నుంచి మా ఆయన కేక. వెనకవాళ్లు మడమలు తన్నిపెట్టి ఆపబట్టి సరిపోయింది గాని, లేకపోతే ఆయన కథ అక్కడికే సరి. నిజం చెప్పొద్దూ, ఆ క్షణాన దేవుడి మీదే ఒళ్లు మండిపోయింది.

"కళ్లు తెరవండ్రా! చేతులు మోకు మీద పెట్టండి!" అత్త కూటికుండ పడేసి మోకు అందుకుంది. "అయ్యగారూ, మీరు ఆపమాకండి. ఒక్కో ముక్కే అనండి, మేం ఆమేన్ అని లాగుతాం."

"ప్రభువా!" అన్నారు ఆయన, తనూ మోకు పట్టుకుని. "ఆమేన్!" జానెడు లేచాడు. "చూడు తండ్రీ!" "ఆమేన్!" "నీ బిడ్డ!" "ఆమేన్!" ఏటా శివరాత్రికి కోటప్పకొండ ఎక్కే ఆసామి కూడా పంచె ఎగగట్టి మోకు పట్టాడు. ఆమేన్ అందరికంటే గట్టిగా అన్నది ఆయనే, నడుమ నడుమ "త్రికోటేశ్వరా!" అని కూడా అన్నాడు, ఎవరూ తప్పుపట్టలేదు. "నిండుమనిషివి, నువ్వొద్దే" అని ఎవరో అంటున్నా వినకుండా నేనూ చివర పట్టుకున్నాను. పెదబావ మా ఆయన్ని గట్టు మీదికి ఈడ్చాడో లేదో, రెండో దరి దభీమని కూలింది.

కొన్నాళ్లకు, మోకు ఒరుసుకుని పుండ్లయిన అరచేతులు మానాక, ఉండబట్టలేక అడిగాను: "అత్తా, దేవుడు లాగాడా, మనం లాగామా?"

"ఏందే నీ ఆరా? ఆయనేమన్నా నీ కూలోడా, ఒక్కడే లాగటానికి? మనం చెయ్యేశాం, ఆయనా ఒక చెయ్యేశాడు. పో, పొయ్యి చూడు."

మా ఆయన కుంటుకుంటూనే పిల్లల్ని ఎత్తుకున్నాడు, పొలం చేశాడు, చానా ఏళ్లు నాతో పోట్లాడాడు, ముసలివాడై మంచం మీద పోయాడు. ఆ రోజు కూడా చుట్టూ చేరి ప్రార్థన చేశాం గాని, ఉంచమని అడగడానికి నాకు మొహం చెల్లలేదు. బావిలోనే తీసుకుపోవలసిన మనిషిని, నా జుట్టు నెరిసేదాకా దేవుడు నా దగ్గరే ఉంచాడు కదా.