నాన్న వాయించిన స్టీరింగు

మా చిన్నప్పుడు... అమెరికాలోని ప్లేనోలో మా వీధి దాటితే ఇంకా పత్తిచేలే ఉన్న రోజుల్లో... ఒక వేసవిలో నాన్న పోయారు. పొద్దున ఆఫీసుకి వెళ్ళిన మనిషి అక్కడే కుప్పకూలిపోయారు. గుండెపోటు అన్నారు. నాకప్పుడు పదేళ్ళు.

ఊళ్ళో ఉన్న కాసిని తెలుగు కుటుంబాలవాళ్ళూ గిన్నెల్లో పప్పూ పులుసూ పట్టుకొచ్చారు. ఆంటీలు నా తల నిమిరి "ఏడవ్వే తల్లీ, గుండె తేలికవుతుంది" అన్నారు. నాకు ఏడుపు రాలేదు. పంటి డాక్టరు సూది వేశాక దవడ ఉంటుందే... మనదే గానీ మనది కానట్టు... లోపలంతా అలాగే ఉంది. పెడితే తిన్నాను, స్కూలుకి పొమ్మంటే పోయాను.

ఏటిసూతకం కదా... ఏడాదిపాటు మా ఇంట్లో పండగ లేదు, గుమ్మానికి తోరణం లేదు, పాట లేదు. టేప్‌రికార్డర్‌ని అమ్మ దుప్పటి చుట్టి క్లాజెట్‌లో పెట్టేసింది. నాన్న పేరెత్తడం కూడా మానేసింది. నాకు బాధ తెలియలేదు గానీ ఒక్క భయం మాత్రం తెలిసేది... నాన్న గొంతు రోజురోజుకీ మరిచిపోతున్నాను. అడుగుదామని వెళ్ళి, అమ్మ ముఖం చూసి వెనక్కి వచ్చేసేదాన్ని.

అమ్మ ఉద్యోగంలో చేరింది. స్కూలయ్యాక నేను పక్కింటి రోసా ఆంటీ దగ్గర ఉండేదాన్ని. వాళ్ళది మెక్సికో నుంచి వచ్చిన కుటుంబం. అక్టోబరు చివర్లో ఒకరోజు ఆవిడ కారులోంచి బుట్టలకొద్దీ బంతిపూలు దించుకుంటుంటే అమ్మ కిటికీలోంచి చూసింది. బంతిపూలంటే మనకి తోచేదేముంది... పెళ్ళో, గృహప్రవేశమో!

"వాళ్ళింట్లో ఏదో శుభకార్యంలా ఉందే. మనకి ఏటిసూతకం, ఆ గడప తొక్కకూడదు. అయిపోయేదాకా వెళ్ళకు" అంది.

ఆ తర్వాత కొన్నాళ్ళు, తాళంచెవి మెడలో వేసుకుని ఇంట్లో ఒక్కదాన్నే కూర్చున్నాను. చివరికి ఒక సాయంత్రం రోసా ఆంటీయే వచ్చి, పిల్ల ఎందుకు రావడం లేదని అడిగింది. అమ్మ తనకొచ్చిన ఇంగ్లీషులో కారణం చెప్పింది. ఆవిడ తెల్లబోయింది. పెళ్ళేమీ లేదు, ఆ పూలు చనిపోయిన తన తండ్రికి, ఏటా ఈ రోజుల్లో ఆయన తమని చూడ్డానికి వస్తాడు అంది.  అమ్మ నావైపు తిరిగి "వెళ్ళు" అంది. అంతే.

రోసా ఆంటీ వాళ్ళ నాన్న పెళ్ళిళ్ళలో వయొలిన్ వాయించేవారట. మరియాచీ అంటారు... వయొలిన్లూ, ట్రంపెట్లూ, పొట్ట పెద్దదైన గిటారూ... మనకి సన్నాయి మేళంలాగా, వాళ్ళు లేందే అక్కడ పెళ్ళికి కళ రాదట. ఆవిడ ఆయనకిష్టమైన రికార్డు పెట్టి, పల్చటి రంగుకాగితం మడిచి, కత్తెరతో వాద్యగాళ్ళ బొమ్మలు తీసేది. పోయినవాళ్ళు కదా, అందరూ ఎముకలగూళ్ళే! టోపీలు పెట్టుకుని, పళ్ళికిలించి, హాయిగా వాయిస్తుంటారు. ఆవిడకో పద్ధతి ఉంది... పాట నడిచినంతసేపే కత్తెర నడవాలి. పాట ఆగితే చెయ్యి ఆగాలి. వయొలిన్ సాగితే కాగితంలో వంపులు వచ్చేవి, ట్రంపెట్ మోగితే కోణాలు వచ్చేవి.

"మీ నాన్నకి ఏ పాట ఇష్టం? అది వింటూ ఆయన బొమ్మ చెయ్యి" అంది.

నాకు తెలియదు. నాన్న పాడేవారు కాదు. కారు నడుపుతూ స్టీరింగు మీద దరువు వేసేవారు... ఆ సంగతే చెప్పి, బల్ల మీద వేసి చూపించాను. గొంతు మరుగున పడింది గానీ దరువు పోలేదు. రోసా ఆంటీ రికార్డు ఆపేసింది. నా దరువు పట్టుకుని, బల్ల మీద తనే వేస్తూ కూర్చుంది. నేను కత్తిరించాను. కళ్ళజోడు, మీసం, రెండు చేతుల మధ్య గుండ్రటి స్టీరింగు. ఎముకలకి మీసమేమిటని ఆవిడ పడీపడీ నవ్వింది. మీసం లేకపోతే అది మా నాన్నెలా అవుతారు?

ఇంటికి తెచ్చి అమ్మకి చూపించాను.

"ఏంటే ఈ ఎముకలు? అశుభం... అవతల పారెయ్యి."

"అది నాన్న, అమ్మా. కార్ డ్రైవ్ చేస్తున్నాడు. ఇలా టాప్ చేస్తాడు కదా." వంటింటి గట్టు మీద అరచేత్తో వేసి చూపించాను.

బొమ్మ పట్టుకున్న అమ్మ చెయ్యి చెత్తబుట్ట దాకా వెళ్ళి ఆగింది.

"అలా కాదే. అరచేత్తో కాదు... ఉంగరంతో కొట్టేవారు. టక్కు టక్కుమని. కారెక్కితే చాలు, నా తల తినేసేవారు."

నాన్న పోయాక అమ్మ నోట ఆయన ఊసు రావడం అదే మొదలు. చాక్లెట్ మీది బంగారు రేకు చిన్న ముక్క చించి, బొమ్మ కుడిచేతి వేలికి అన్నం మెతుకుతో అతికించింది. తర్వాత చెంచా తీసుకుని గట్టు అంచు మీద మెల్లగా కొట్టింది. అదే... అచ్చంగా నాన్న చప్పుడే. నాకు అప్పుడూ ఏడుపు రాలేదు. అమ్మకీ రాలేదు. పొయ్యి మీద అన్నం మాడుతున్నా ఇద్దరం అలాగే నిలబడి విన్నాం.

ఇప్పుడు మనవాళ్ళ గొంతులు తుమ్ములూ దగ్గులతో సహా ఫోన్లలో దాచుకుంటున్నాం. మా పిల్లల దగ్గర వాళ్ళ నాన్న గొంతు ఎన్ని వీడియోల్లో ఉందో లెక్కే లేదు. మా నాన్న గొంతు ఎక్కడా లేదు. నాకు మిగిలింది ఒక్క దరువు... అదీ అమ్మ సరిదిద్దబట్టి.

మీ ఇంట్లో పోయినవాళ్ళ చప్పుడు ఏది గుర్తుంది మీకు? చెప్పులదా, తాళంచెవుల గుత్తిదా... తప్పుగా గుర్తున్నా సరే, చెప్పండి. సరిదిద్దేవాళ్ళు ఉండగానే ఒకసారి అడగండి.