దాటిపోయిన పొద్దులు

మా ఇంగ్లీషు టీచరమ్మ పోయారని మొన్న ఆళ్లగడ్డ నుంచి తమ్ముడు ఫోన్ చేశాడు. బియ్యం కడుగుతున్నదాన్ని, తడి చేతులతోనే కూర్చుండిపోయాను. కొందరు ఎప్పటికీ ఉంటారని ఎందుకనుకుంటామో తెలియదు.

డెబ్బైల చివర, ఎనిమిదో తరగతిలో మధ్యాహ్నం మొదటి పీరియడ్ ఆమెది. అన్నం తిని వచ్చిన కళ్లు వాలిపోతుంటే, కిటికీలోంచి నల్లరేగడి చేల గాలి వెచ్చగా తగిలేది. ఆమె మమ్మల్ని లేపేవారు కాదు. కళ్లు మూసుకునే ఉండి, నిన్న పొద్దున ఈ రోజు గురించి ఏమనుకున్నామో చెప్పమనేవారు. వాన వస్తుందనుకున్నానని ఒకడు, బనగానపల్లె నుంచి మామ మామిడిపండ్లు తెస్తాడనుకున్నానని ఇంకొకతె. వాన రాలేదు టీచరమ్మా అంటే ఒప్పుకునేవారు కాదు.

"వచ్చెనా లేదా అని అడగలా. ఏమనుకుంటివో చెప్పు."

మేము చెప్పిందల్లా బోర్డు మీద ఇంగ్లీషులో రాసి, 'విల్' చెరిపి 'వుడ్' పెట్టేవారు. అనుకున్న పొద్దు దాటిపోయింది కాబట్టి ఇంగ్లీషులో మాట మారాలట. తెలుగులో మాత్రం 'వస్తుంది' అనుకున్నది 'వస్తుంది'గానే ఉండిపోతుందట. ఆ మగతలో నాకు, రాని వానలన్నీ నల్లమల మీద ఎక్కడో ఆగి ఉన్నాయనిపించేది. ఇప్పటికీ అప్పుడప్పుడు అనిపిస్తుంది.

పదో తరగతి పాసయ్యాక చదువు చాలన్నాడు మా నాయన. మా ఇళ్లలో ఆడపిల్ల నంద్యాల కాలేజీకి పోయింది లేదు. పశువుల కొట్టంలో దాక్కుని ఏడ్చాను.

ఆదివారం చర్చి నుంచి టీచరమ్మ నేరుగా మా ఇంటికి వచ్చారు. నన్ను బళ్లో వేసినప్పుడు ఏమనుకున్నావని నాయననడిగారు. బాగా చదువుతుందనుకున్నానని ఒప్పుకున్నాడు గానీ, అది అప్పటి మాటన్నాడు. తెలుగులో అనుకున్నది దాటిపోదని ఆమె 'విల్', 'వుడ్' మొదలుపెట్టారు. వ్యాకరణానికి కరిగే మనిషి కాదు మా నాయన.

"ఆడపిల్ల, ఒక్కతే బస్సులో యాడ పోతాది టీచరమ్మా?"

"ఒక్కతే ఎందుకు పోతాదప్పా? భయం తీరేదాంక నేను పోతా ఎంబడి."

నాయన టీచరమ్మకు మజ్జిగ ఇమ్మని అమ్మతో అన్నాడు. మా ఇంట్లో దానర్థం సరేనని.

మొదటిరోజు బస్సులో ఆమె, జొన్నచేలు వెనక్కి పోతుంటే వాటినే చూస్తూ కూర్చున్నారు. కాలేజీ గేటు దగ్గర, ఇక పొమ్మన్నారు. నేను కదలలేదు. ఆమె వాచ్‌మన్‌ను లైబ్రరీ ఎక్కడని అడిగారు. అతను మేడ మీది కిటికీ చూపించాడు.

"నేనూ ఈడనే చదువుతాననుకుంటి," అన్నారు మామూలుగా. "మా నాయన, టీచరు ట్రైనింగు చాలనె."

లోపలికి రండి టీచరమ్మా అన్నాను. గంట కొడుతున్నారు, పొమ్మని చెయ్యి ఊపారు. ఆ రోజు ఆమె రాకపోతే నేను ఎవరినయ్యేదాన్నో ఊహించడానికి కూడా భయమే. మెట్లెక్కి వెనక్కి చూశాను. గేటు ఊచలు పట్టుకుని, మునివేళ్ల మీద లేచి, ఆ కిటికీలోకి చూస్తున్నారు.