మిషనుకు ఊపిరాడని రోజు

నా చిన్నప్పుడు నేరేడుచర్లలో మా అమ్మ పనిచేసే రైస్ మిల్లుకు ఏ కొత్త మిషను వచ్చినా, అది తిరగకముందే దానికి బొట్టు పెట్టేవాళ్ళు. పసుపు రాసి, కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, బంతిపూల దండ వేస్తేగానీ మిల్లు సావుకారు మీట నొక్కనిచ్చేవాడు కాదు. కాటా వచ్చినా అంతే, నీళ్ళ మోటరు వచ్చినా అంతే. అందుకే సినిమా మిషను వస్తుందన్న రోజున కూడా దండ కట్టమని మా అమ్మకే చెప్పారు. అమ్మ మిల్లులో చాట పట్టి నూకలు చెరిగేది. దండ కట్టడంలో మాత్రం ఆమె చేతికి ఎదురు లేదని సావుకారికి కూడా తెలుసు.

ఆ ఏడు మా నాన్న కాలు విరిగి మంచంలో ఉన్నాడు. మా ఇంట్లో పొయ్యి వెలిగేది అమ్మ చాట మీదనే. ఈ ముక్క ముందే ఎందుకు చెబుతున్నానంటే, అది తెలియకపోతే ఆ రోజు నేనెంత భయపడ్డానో మీకు అర్థం కాదు.

సాగర్ కాలువ నీళ్ళు మా దిక్కు కొత్తగా వచ్చిన రోజులవి. కొత్త రకం వరి ఎట్లా వెయ్యాలో చూపించడానికి సర్కారు మనుషులు జీపులో సినిమా మిషను పెట్టుకుని ఊరూరా తిరిగేవాళ్ళు. సాయంత్రానికి మిర్యాలగూడలో ఉండాలని మా ఊళ్ళో ఆట మధ్యాహ్నమే పెట్టారు. పట్టపగలు చీకటి కావాలంటే ఎక్కడ దొరుకుతుంది? సావుకారు తన గోదాము ఇచ్చాడు. హమాలీలు బస్తాలన్నీ ఒక పక్కకు పేర్చి, కిటికీలకూ తలుపు సందులకూ గోనె పట్టాలు కట్టారు. లోపల అడుగు పెడితే ఎదుటి మనిషి ముఖం ఆనేది కాదు. పాత గోనె వాసన, తవుడు వాసన కలిసి ముక్కు నిండిపోయేది.

మిషనుతో వచ్చినాయన కోదాడ దిక్కు మనిషి. మాటలో కొంచెం ఆంధ్ర తీరు ఉండేది. మేమంతా సినిమా సారు అన్నాం. ఆయన వచ్చీ రాగానే మిషను దించలేదు, ముందు గోదామంతా తిరిగి చూసుకున్నాడు. నాలుగు బియ్యం బస్తాలు పేర్చి వాటి మీద పెట్టుకోమంటే వద్దన్నాడు. బస్తా కుంగుతుంది, దుమ్ము లోపలికి పోతుంది, కదలని బల్ల కావాలన్నాడు. గుమాస్తా బల్ల మోయించి, తడిగుడ్డతో తుడిపించి, చుట్టూ గాలి ఆడేట్టు గోడకు ఎడంగా వేయించాడు. జీపు దగ్గర పెట్టిన జనరేటరు నుంచి వైరును గోడ వెంబడి లాక్కొచ్చి, మనుషులు నడిచే చోట దాని మీద చెక్క బోర్లించాడు. పిల్లలందరినీ దగ్గరికి పిలిచి, మిషను ముందున్న అద్దంలోకి కన్ను పెట్టి చూడవద్దనీ, అది సూర్యుడిలోకి చూడటంతో సమానమనీ చెప్పాడు.

"ఈనె సినిమా సూపెడ్తడా, ఇల్లు కడ్తడా?" అన్నాడు ఒక హమాలీ. అందరం నవ్వాం. సారు కూడా నవ్వాడు గానీ ఆయన పని ఆయన ఆపలేదు.

ఇక పూజ. సావుకారు మిషనుకు బొట్టు పెట్టి, మా అమ్మ కట్టిన దండ వేసి, కొబ్బరికాయ కొట్టాడు. పక్కకు తిరిగి అందరికీ ముక్కలు పంచుతుండగా, సారు ఆ దండను రెండు చేతులతో మెల్లగా తీసి బల్ల అంచున పెట్టాడు. నేను చూశాను. పొద్దున లేచి, మంచులో పూలు కోసి, అమ్మ మోకాళ్ళ మీద పరుచుకుని కట్టిన దండ అది. బల్ల మూలకు పడెయ్యడానికా?

ఆట మొదలైంది. గర్రుమని చక్రాలు తిరిగాయి. గోడకు కట్టిన తెల్లబట్ట మీద వరి మడి కనిపించింది, మడిలో ఆడవాళ్ళు నాటు వేస్తున్నారు. జనమంతా ఒక్కసారి "అబ్బో" అన్నారు. సారు బట్ట సరిగ్గా ఉందో లేదో చూడటానికి ముందుకు పోయాడు. ఇదే అదననుకున్నాను. చీకట్లో బల్ల కిందుగా పోయి, దండ అందుకుని, మిషను వెనక వేశాను. ముందు వేస్తే బొమ్మకు అడ్డం వస్తుందన్న తెలివి నాకుంది. వెనక సన్నటి జాలీ ఉంది. దండ అక్కడ పెట్టగానే, ఎవరో లోపలి నుంచి లాగినట్టు పూలు జాలీకి అతుక్కున్నాయి. మిషను పూలు తీసుకుందని అనుకున్నాను. అప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

ఆ సంతోషం ఎంతోసేపు లేదు. ముందు కాలిన పువ్వు వాసన, దాని వెనకే కాలిన ఇనుము వాసన. సారు పరుగున వచ్చి టక్కున బల్బు ఆర్పేశాడు. చక్రాలు ఆగిపోయాయి. గోదాములో ఒకటే గోల. ఎవరో తలుపు దగ్గర గోనె ఎత్తారు, వెలుతురు పడింది. సావుకారు పంచె ఎగగట్టుకుని వచ్చాడు.

"ఎవరు ముట్టిన్రు? ఈ చెరిగెటోళ్ళ పిల్లలు ఒక్కతాన కూసోరు. సర్కారు మిషను ఇది! ఎవరి పిల్లో చెప్పుండ్రి. రేపటి సంది దాని తల్లి మిల్లు గడప తొక్కద్దు!"

ఆడవాళ్ళ వరసలో అమ్మ లేచి నిలబడి నా కోసం వెతుకుతోంది. నేను బల్ల పక్కనే ఉన్నాను. వేళ్ళ నిండా బంతిపూల పసుపు. దాచుకోవడానికి లంగా తప్ప ఏమీ లేదు, అందుకే చేతులు లంగాలో చుట్టుకున్నాను.

సారు అప్పటికే దండ లాగి రీళ్ళ పెట్టెలో పెట్టి మూత వేశాడు. వెనక జాలీ విప్పి వేళ్ళు లోపలికి పోనిచ్చాడు. నల్లబడిన రెక్కలు నాలుగైదు బయటికి వచ్చాయి. వాటిని చూశాడు. తల ఎత్తి నన్ను చూశాడు, లంగాలో చుట్టిన నా చేతులను చూశాడు. పిడికిలి మూశాడు.

"తప్పు నాదేనండి," అన్నాడు సావుకారితో. "వెనక గాలి ఆడే జాగా నేను చూసుకోవాల్సింది, చూసుకోలేదు. దీనికి ఊపిరాడలేదు, అంతే. బల్బు పోలేదు. కాసేపు చల్లారితే అదే తిరుగుతుంది."

"చల్లారేదాంక ఈ మందిని నేనేం జెయ్యాలె?"

"వాళ్ళకి ఇంకో సినిమా చూపిస్తాను. ఏమ్మాయ్, ఇటు రా."

పిలిచింది నన్నే. సారు బల్బు వెయ్యకుండా మిషను లోపలి ఫ్యాను మాత్రం వేసి, నా చెయ్యి పట్టుకుని మిషను పక్కనున్న చిల్లుల ముందు, జానెడు దూరాన పెట్టాడు. వేడి గాలి అరచేతికి కొట్టింది, పొయ్యి ముందు కూర్చున్నట్టుంది. "ఈ గాలి చల్లబడే దాకా ఇక్కడి నుంచి కదలకు. చల్లబడ్డాక నాకు చెప్పు," అని పోయాడు.

తర్వాత ఆయన చేసింది చూడండి. గోనె మళ్ళీ దించి చీకటి చేశాడు. తలుపు రేకుకు ఒక మేకు చిల్లు ఉంది, దాని ముందు మాత్రం గోనె పక్కకు జరిపాడు. ఆ చిల్లుకు మూరెడు దూరంలో తెల్లటి తుండు పట్టుకుని నిలబడ్డాడు. ముందు ఏమీ కనిపించలేదు. చీకటికి కళ్ళు అలవాటు పడ్డాక ఎవరో కేక పెట్టారు. తుండు మీద బయటి వాకిలి కనిపిస్తోంది. వడ్ల బండ్లు, ఎడ్లు, ఎండ, అన్నీ ఉన్నాయి. కాకపోతే అన్నీ తలకిందులు. ఎడ్లు ఆకాశానికి కాళ్ళు ఆనించి తోకలు ఆడిస్తున్నాయి.

సావుకారు నమ్మలేదు. ఇదేదో కనికట్టు అని బయటికి పోయి వాకిట్లో నిలబడి, కనిపిస్తున్నానా అని చెయ్యి ఊపాడు. తుండు మీద తెల్ల పంచె పైన, బట్టతల కింద.

"సేటూ, జర పైలం! తలకాయ మీద నిలవడ్డరు, బొడ్లె ఉన్న పైసలన్నీ రాలుతయి!" అని ఇందాకటి హమాలీ అరిచాడు.

గోదాము నవ్వులతో ఊగిపోయింది. సావుకారు లోపలికి వచ్చి, తనెట్లా కనిపించాడో అడిగి తెలుసుకుని, గుమాస్తాను బయట నిలబెట్టి తనూ చూసి, పొట్ట పట్టుకుని నవ్వాడు. బల్ల దగ్గరి నుంచి నాకు సగమే కనిపించింది. నవ్వు మాత్రం రాలేదు. నా ప్రాణమంతా అరచేతిలో ఉంది. గాలి వేడిగానే ఉంది. చల్లారకపోతే? సారు మాట తప్పయితే? రేపు అమ్మ చాట పట్టుకుని ఎక్కడికి పోతుంది? వేడి, వేడి, గోరువెచ్చన. ఇంకా గోరువెచ్చనే. చెయ్యి తిమ్మిరెక్కింది, తియ్యలేదు. ఉన్నట్టుండి అరచేతికి ఏమీ తెలియలేదు. మామూలు గాలి.

"సారూ, సల్లగైంది!"

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఆయన వచ్చి, తన చెయ్యి కూడా పెట్టి చూసి, తల ఊపి మీట నొక్కాడు. ఒక్క క్షణం చీకటి. తర్వాత తెల్లబట్ట మీద వరి మడి పచ్చగా పరుచుకుంది. నాటు వేసే ఆడవాళ్ళు ఆగిన చోటి నుంచే మళ్ళీ వంగారు. గుండెల మీది నుంచి బియ్యం బస్తా దించినట్టయింది. ఆ సినిమాలో ఏం చెప్పారో ఒక్క ముక్క నాకు గుర్తు లేదు. నిలబడే ఏడ్చాను, నవ్వాను.

ఆట అయ్యాక కూడా సారు వెంటనే వైరు పీకలేదు. బల్బు ఆర్పి, ఫ్యాను తిరగనిచ్చి, పక్కనే కూర్చున్నాడు. జనం వెళ్ళిపోయారు. సావుకారు ఆయన కోసం బెల్లం పానకం పంపించాడు. అందులో సగం సారు నాకు పోశాడు. పెట్టె తెరిచి దండ నా చేతిలో పెట్టి, నా ఒక్కదానికే వినబడేట్టు అన్నాడు:

"మీ అమ్మ దండ బాగుంది తల్లీ. దాని మెడ ఎక్కడో తెలియక ముక్కుకు వేశావు."

అంతే. తిట్టలేదు, ఇంకోసారి చెయ్యనని ఒట్టు వేయించుకోలేదు.

ఇంటికి పోయే దారిలో అమ్మకు అంతా చెప్పాను. వీపు పగులుతుందనుకున్నాను. అమ్మ కాలువ గట్టు మీద కూలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. "మిషనుకు ముక్కుంటదని నాకు మాత్రం ఏం ఎరుకనే? నేనైనా గట్లనే ఏద్దును," అంది.

నేను బడికి పోలేదు. పెళ్ళయి కోదాడ పక్కనున్న అనంతగిరికి వచ్చాను. నలభై ఐదేళ్ళు దాటాక నా కోడలు నాకు పలక ఇచ్చి అక్షరాలు నేర్పింది. అందుకే మా ఊరి రైతు వేదికకు డిజిటల్ ప్రొజెక్టర్ వచ్చినప్పుడు, మనవరాలు దాని ఇంగ్లీషు పుస్తకం చదివి చెబుతుంటే తెలుగులో రాసుకున్నది నేనే. ఆ కాగితం ఇప్పటికీ వేదిక గోడకు ఉంది, తాళం నా దగ్గరే ఉంటుంది. అక్షరాలు వంకర. అయితేనేం, చదివితే తెలుస్తుంది. కదలని బల్ల మీద పెట్టాలి. చుట్టూ మూరెడు జాగా వదలాలి. వైరు కాళ్ళకు అడ్డం రాకూడదు. వెలుగుతున్న అద్దంలోకి చూడకూడదు. ఆపాక ఫ్యాను ఆగేదాకా ప్లగ్గు పీకకూడదు. రాసుకుంటుంటే నాకు సినిమా సారే కనిపించాడు. మిషను చిన్నదైంది, రీళ్ళు పోయాయి, దానికి ఊపిరి మాత్రం అట్లనే కావాలి. ఇప్పుడు ఒక మీట తప్పు నొక్కితే బొమ్మ తలకిందులవుతుంది. పిల్లలు పరేషాన్ అవుతారు, నేను సావుకారిని తలుచుకుంటాను.

మొన్న ఆ వేదికలోనే మహిళా సంఘానికి శిక్షణ ఇవ్వడానికి కోదాడ నుంచి ఒక అమ్మాయి వచ్చింది. ఉద్యోగంలో ఆమెకు అదే మొదటి మీటింగు. మావాళ్ళు శాలువా కప్పారు. ఆ పిల్ల దాన్ని మర్యాదగా మడిచి, ఎక్కడ పెట్టాలో తెలియక, ప్రొజెక్టర్‌కు ఆనించి పెట్టింది. పావుగంటకు మిషను ఎర్రలైటు వేసి దానంతటదే ఆగిపోయింది. "ఏమైంది? ఎవరు ఖరాబు చేసిన్రు?" అని సంఘం అధ్యక్షురాలు లేచింది. ఆ పిల్ల ముఖం సున్నం కొట్టినట్టయింది.

నేను నోరున్న మనిషిని. ఊళ్ళో ఎవరినడిగినా చెబుతారు. ఆ రోజు మాత్రం లేచి పోయి, శాలువా తీసి నా భుజాన వేసుకుని, "నేనే సూసుకోలే. దానికి ఊపిరాడలే. జర ఆగుండ్రి, ఛాయ్ తాగుండ్రి," అన్నాను.

"శాలువా ఆమెకు గప్పితే నువ్వేసుకున్నవేంది పెద్దమ్మా?" అని ఒకామె ఎగతాళి చేసింది. "సలి పెడుతుంది," అన్నాను. మే నెల ఎండలో. అందరూ నవ్వారు. ఆ పిల్ల చెయ్యి పట్టుకుని తెచ్చి మిషను పక్కన చిల్లుల ముందు పెట్టాను. చల్లబడితే చెప్పమన్నాను.

మీటింగు అయ్యాక అందరూ వెళ్ళిపోతారు. నేను పోను. ప్రొజెక్టర్ ఆపి, ఫ్యాను ఆగేదాకా పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంటాను. చెయ్యి పెట్టాల్సిన పని లేదు, ఫ్యాను ఆగితే చెవికే తెలుస్తుంది. అయినా పెడతాను. గాలి వేడిగా తగులుతుంది, గోరువెచ్చనవుతుంది, ఇక ఏమీ తెలియకుండా పోతుంది. అరవై ఏళ్ళ కింద "సల్లగైంది" అని అరిచినప్పుడు గుండె ఎట్లా తేలికైందో, ఇప్పుడూ అట్లాగే తేలికవుతుంది. అప్పుడు ప్లగ్గు తీసి, మూత వేసి, తాళం వేసి ఇంటికి నడుస్తాను.