తడి లేని వంటిల్లు

మా అమ్మాయి మా ఇంట్లో రాత్రి పడుకోలేకపోతోందని నాకు ఆలస్యంగా తెలిసింది.

తనుండేది మధురానగర్‌లో. నేనుండేది ఫిలింనగర్‌లో, ఒక పాత అపార్ట్‌మెంటు రెండో అంతస్తులో. నా భార్య పోయిన కొత్తలో అమ్మాయి ప్రతి శనివారం వచ్చి ఆదివారం సాయంత్రం దాకా నాతో ఉండేది. కొన్నాళ్ళకి శనివారం రాత్రే వెళ్ళిపోవడం మొదలుపెట్టింది. తర్వాత మధ్యాహ్నం వచ్చి, గంట కూర్చుని, ఆఫీసు పనుందని లేచేది. తల్లి లేని ఇంట్లో ఉండలేకపోతోంది కాబోలనుకున్నాను. అడగలేదు. అలాంటివి మాట్లాడుకునే అలవాటు మా ఇద్దరికీ లేదు.

ఒకరోజు వంటింట్లోకి వెళ్ళేసరికి, గోడవైపు తిరిగి ఇన్‌హేలర్ పీలుస్తోంది. చిన్నప్పుడు ఉబ్బసం ఉండేది గానీ, తగ్గి చాలా ఏళ్ళయింది.

"ఎన్నాళ్ళ నుంచమ్మా?"

"ఇక్కడికొచ్చినప్పుడే నాన్నా. ఇంటికెళితే తగ్గిపోతోంది." అనేశాక నాలిక కరుచుకుంది.

జూబ్లీ హిల్స్‌లో ఊపిరితిత్తుల డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్ళాను. ఆయన ఛాతీ పరీక్ష చేసి, ఇంట్లో కుక్క ఉందా, గోడలకి చెమ్మ ఉందా అని అడిగి, "బొద్దింకలున్నాయా?" అన్నాడు.

"ఛ, మా నాన్నగారింట్లోనా? లేవండీ," అంది అమ్మాయి వెంటనే.

"ఉన్నాయి," అన్నాను.

అమ్మాయి నావైపు చూసింది. డాక్టరు మమ్మల్ని తప్పు పట్టలేదు. వాటి పెంట, విడిచిన పొట్టు, చచ్చి ఎండిన ముక్కలు పొడై ఇంటి దుమ్ములో కలుస్తాయని, అది పీల్చితే ఉబ్బసం ఉన్నవాళ్ళకి ఊపిరి బిగుస్తుందని చెప్పాడు. మురుగులో తిరిగిన కాళ్ళతోనే గిన్నెల మీద తిరుగుతాయి కాబట్టి విరేచనాలు, అన్నం వికటించడం లాంటివి ఎవరికైనా రావచ్చన్నాడు. మందులు రాసిచ్చి, "ఇవి వాడండి. కానీ ఆ ఇల్లు బాగుపడేదాకా అక్కడ పడుకోకండి," అన్నాడు.

అదీ సంగతి. మా అమ్మాయికి పుట్టిల్లు పడటం లేదు.

మర్నాడే స్ప్రే డబ్బా కొనితెచ్చి వంటిల్లంతా కొట్టాను. పొద్దునకి ఏడెనిమిది వెల్లకిలా పడి ఉన్నాయి. గెలిచాననుకున్నాను. అదే వారం ఏవో కాగితాలమీద సంతకం కోసం వచ్చిన అమ్మాయి గుమ్మంలోనే దగ్గు అందుకుని, మెట్లమీదే కూర్చుండిపోయింది.

అప్పుడు మా ఇంట్లో పనిచేసే ఆమెను అడిగాను. ఈ పని మొదటే చేయవలసింది. ఆమెది కృష్ణానగర్. పన్నెండేళ్ళుగా మా ఇంటికి వస్తోంది. అంతకుముందు షూటింగులకు భోజనాలు పంపే ఒక మెస్సులో పనిచేసింది. నా ఉద్యోగం కూడా సినిమాల్లోనే. డైలాగులు ఫెయిర్ కాపీ రాసేవాణ్ణి. అంటే ఆమె పంపిన అన్నం నేను ఏ సెట్‌లోనో తినే ఉంటాను.

"స్ప్రే కొట్టినరా సార్?" అంది ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని. "గవి సచ్చినయి ఏడెనిమిదే. మిగతయన్నీ లోపటికి పోయి దాక్కున్నయి. ఆ మందు వాసనకు బిడ్డకే దమ్ము అందకపాయె."

"మరి నువ్వు ముందే చెప్పలేదేం?"

"వంటింట్ల ఏదీ కదపొద్దని మీరే గద సార్ అన్నరు."

అన్నాను. నా భార్య పోయిన వారానికి అన్నాను. ఆమె సర్దిన డబ్బాలు ఆమె సర్దినట్టే ఉండాలి, గిన్నెలు తోమి అక్కడే పెట్టు, ఇంకేదీ ముట్టుకోవద్దు అని. పది నెలలుగా పనామె నా మాట తప్పలేదు. ఫ్రిజ్ వెనక చెయ్యి పెట్టలేదు. నేను ఆఫీసు నుంచి తెచ్చి స్టవ్ గట్టు కింద పేర్చిన పాత స్క్రిప్టుల అట్టపెట్టెలను జరపలేదు.

"ఇప్పుడు కదుపు," అన్నాను.

"మూడు దినాలు పడ్తది. అప్పటిదాంక బిడ్డను రానియ్యకుర్రి. దుమ్ము లేస్తది."

ఆ మూడు రోజులూ నేను పక్కనే ఉండి చూశాను. పనితనం అంటే ఏమిటో చాలా పుస్తకాల్లో చదివాను, ఇంత దగ్గర్నుంచి ఎప్పుడూ చూడలేదు. చీపురు ముట్టుకోలేదామె. ఊడిస్తే పొడి గాలిలోకి లేస్తుందని, ముక్కుకి తువ్వాలు కట్టుకుని తడిగుడ్డతోనే తుడిచింది. ఫ్రిజ్ జరిపి, వెనకవైపు అడుగున నీళ్ళు చేరే ప్లాస్టిక్ తొట్టి లాగి నాకు చూపించింది. అలాంటిదొకటి ఉందని నాకు తెలియదు. అట్టపెట్టె మడతల్లోంచి గోధుమరంగు గుడ్ల సంచులు గోటితో రాల్చి సబ్బునీళ్ళలో వేసింది. ఒక్కొక్కటీ చిక్కుడు గింజలో సగం ఉంటుంది.

"ఒక్కదాంట్ల ఎన్ని పిల్లలుంటయో ఎరికేనా సార్? ఊకె తొక్కితే పోవు."

అట్టపెట్టెలు బయటికి పోయాయి. కాగితాలు మూత గట్టిగా ఉన్న ప్లాస్టిక్ డబ్బాల్లోకి వెళ్ళాయి. సింకు కింద గొట్టం గోడలోకి పోయే చోట ఉన్న సందులో తెల్లసిమెంటు కూరింది. కారుతున్న కుళాయికి ప్లంబర్‌ని పిలిపించింది. బోరిక్ పౌడరు, గోధుమపిండి, పంచదార కాసిని పాలతో కలిపి శనగగింజంత ఉండలు చేసి, ఎండబెట్టి, మూలల్లో పెట్టింది. పసిపిల్లలో కుక్కలో తిరిగే ఇంట్లో అయితే ఇవి పెట్టనంది.

"తిండి లేకున్నా శాన దినాలు బతుకుతయి సార్. నీళ్ళు లేకుంటే ఉండయి. మెస్సుల రెండొందల మందికి వండేటోళ్ళం. పనైనంక పెద్ద వంటాయన వచ్చి సింకుల ఏలు పెట్టి చూసేటోడు. తడి తాకిందో, గా పొద్దు మాకు తిట్లే. హీరో అలిగితే మళ్ళొస్తడు గని, సాంబార్ల బొద్దింక కనబడితే లైట్‌మెన్లు మళ్ళా రారు."

నవ్వి, సింకు తుడుస్తూనే అంది: "గిది అమ్మకు నేనే చెప్పిన. గప్పటి సంది ఒక్క రాత్రి ఇడ్వలే."

నాకు ఆ చప్పుడు జ్ఞాపకముంది. నేను పడక మీద చదువుకుంటుంటే వంటింట్లో నా భార్య గుడ్డ పిండిన చప్పుడు. "పొద్దున తుడుచుకోవచ్చుగా, వచ్చి పడుకో," అనేవాణ్ణి. "మీరు చదువుకోండి," అనేది. ముప్ఫై ఏళ్ళు ఒకే ఇంట్లో ఉండి, అది చాదస్తం అనుకున్నాను. అమ్మాయి ఊపిరికి కాపలా అని నాకు తెలియదు. బహుశా ఆమెకూ ఆ మాటల్లో తెలిసి ఉండదు. చేసింది, అంతే.

మూడో రోజు సాయంత్రం పనామె హాల్లో నా భార్య ఫోటో ముందు ఆగింది. ఇది చెప్పాలి. మనిషి పోయిన చోట దీపం పెట్టి, పక్కన నీళ్ళు పెట్టాలని బంధువులు చెబితే పెట్టాను. పదో రోజు తర్వాత వాళ్ళు తీసేశారు. నేను మానలేకపోయాను. రోజూ నాలుగింటికి, ఆమె కాఫీ తాగే వేళకి, ఫోటో ముందు గ్లాసుడు కాఫీ, రెండు బిస్కెట్లు పెట్టేవాణ్ణి. మర్నాడు పొద్దున పారబోసేవాణ్ణి. రాత్రంతా అవి అక్కడే ఉండేవి.

పనామె ఆ ఫోటో జరిపి వెనకవైపు చూపించింది. పటం అట్ట నిండా మిరియపుపొడి చల్లినట్టు నల్లటి చుక్కలు. గోడకి అంటుకుని రెండు పొట్టులు.

నా దుఃఖంతో వాటిని పోషించాను. అమ్మాయి మెట్లమీద ఎగశ్వాసతో కూర్చున్న రోజు కూడా కాఫీ పెట్టాను.

"పెట్టుర్రి సార్, వద్దంటలేను," అంది పటం తుడుస్తూ. "కాకుంటే పొద్దుగాల దాంక ఉంచకుర్రి. అమ్మ సల్లారిన కాఫీ ఎన్నడన్న తాగిందా? జర్ర సల్లారితే మళ్ళ నాతోని ఏడి చేపించేది."

నిజమే. తాగేది కాదు.

నెల రోజులు ఆగాం. బోరిక్ ఉండలు రెండుసార్లు మార్చాం. రాత్రి సింకు నేనే తుడిచి, వేలు పెట్టి చూసుకుని, మురుగు కన్నం మీద జాలీ మూసి, చెత్తబుట్ట బయట పెట్టేవాణ్ణి. మొదట్లో ఒకటి రెండు కనిపించాయి. తర్వాత కనిపించలేదు. డాక్టరు సరేనన్నాక అమ్మాయి ఒక శనివారం సంచీతో వచ్చింది.

ఆదివారం పొద్దున నేను లేచేసరికి తను వంటింట్లో పాలు కాస్తోంది. నేను ఊపిరి చప్పుడు వింటున్నానని గ్రహించింది.

"ఇన్‌హేలర్ బ్యాగులోంచి తియ్యలేదు నాన్నా."

ఇప్పుడు నాలుగింటికి రెండు గ్లాసులు కలుపుతాను. ఒకటి ఫోటో ముందు పెట్టి, ఎదురుగా కూర్చుని నాది తాగుతాను. అది అయ్యాక, చల్లారక ముందే ఆమెదీ తాగేస్తాను. రెండు గ్లాసులూ కడిగి, తుడిచి, బోర్లిస్తాను. శనివారాల్లో ఆమె గ్లాసు అమ్మాయి తాగుతుంది.